మిగిలిపోయిన గడప

ఎండ పెరట్లోకి దిగేసరికి ఇన్షిరాహ్ పిండి ముద్దలన్నీ మట్టి పళ్ళేల మీద పరిచేసింది. రొట్టెలు ఎండకే పొంగాలి. అవి పొంగేదాకా చేసే పని లేదు. గోడకు ఆనుకుని కూర్చుని, చాటలో మిగిలిన పొడిపిండి మీద వేలితో ఏదో గీసింది. తల్లి అడుగుల చప్పుడు వినగానే అరచేత్తో తుడిచేసింది.

తఫీదా చూసింది. చూడనట్టే వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి గాడిద. చెవులు రెండూ ముందుకు వాల్చి, మేత చప్పుడు వింటున్న గాడిద. కిందటి వారం కాలవ గట్టున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. కూతుర్ని పక్క వీధిలోనే ఇచ్చింది. వారానికి రెండుసార్లు రొట్టెలు చెయ్యడానికి పుట్టింటికి వస్తుంది. వచ్చినప్పుడల్లా పిండిలో ఒక బొమ్మ పుడుతుంది, పోతుంది. ఇరవై రెండేళ్ళుగా తఫీదా ఇలా చూడనట్టే ఉంటోంది.

పక్కింటి రతీబా పిట్టగోడ మీదుగా తల పెట్టింది.

"ఏమ్మా హాజీమ్మా, నిన్న పిండిమర వాడి దగ్గరికి కూడా పోయి క్షమించమని అడిగావంట. తూకంలో కొట్టేసేది వాడు, అడిగేది నువ్వా?"

"వాడి వెనకాల తిట్టిన తిట్లున్నాయిగా. వాటికి అడిగాను."

"అయితే నా కోడినీ అడుగు. నువ్వు విసిరిన చెప్పు తగిలి ఇప్పటికీ కుంటుతోంది."

"నా గింజలు తిన్నందుకు ముందు దాన్ని అడగమను, తర్వాత నేనడుగుతా."

రతీబా నవ్వింది. "ఇంకా ఎన్ని గడపలు మిగిలాయి?"

"ఒకటి," అంది తఫీదా.

ఈ ఏడు హజ్ చీటీల్లో ఆమె పేరు వచ్చింది. ఇంకో నాలుగు రోజుల్లో ప్రయాణం. హజ్‌కి పోయేవాళ్ళు ఊళ్ళో గడప గడపా తొక్కి, తప్పుంటే మన్నించమని అడిగి మరీ పోవాలి. మనిషికి చేసిన తప్పు మనిషే వదలాలి. దేవుడు ఆ పని తన నెత్తిన వేసుకోడు. తఫీదా అన్ని గడపలూ తొక్కింది. సొంత పెరటి గడపే మిగిలింది.

రతీబా తల దిగిపోయాక కూతురి వైపు తిరక్కుండానే అంది. "నువ్వు కూడా మన్నించవే. తల్లిని కదా, ఎప్పుడేం చేశానో ఏమో."

ఇన్షిరాహ్ పాత బ్లేడు తీసుకుని రొట్టెల అంచున గాట్లు పెడుతోంది. "నువ్వు నాకేం చేశావమ్మా. మన్నించాను పో. హాయిగా వెళ్ళిరా."

అంతే. అంత సులువుగా వచ్చింది మాట. తఫీదాకి చేతిలో దొంగసొమ్ము పెట్టినట్టయింది.

అప్పుడే కొడుకు ఖలఫ్ ఫోను పట్టుకుని వచ్చాడు. "అమ్మా, చూడు. నువ్వు తిరిగొచ్చేలోపు గోడకి ఇది కట్టేస్తా. పెద్ద ఫ్లెక్సీ. ఒక పక్క కాబా, ఒక పక్క విమానం, మధ్యలో నీ మొహం."

ఇన్షిరాహ్ తొంగి చూసింది. "ఎన్నికల్లో నిలబడ్డట్టుంది అమ్మ. గుర్తు ఒక్కటే తక్కువ. ఈ రొట్టె పెట్టు."

"నవ్వుతావేంటే. హజ్‌కి పోయినవాళ్ళ ఇంటి గోడ మీద బొమ్మలు వేసేవాడు ఇప్పుడెక్కడున్నాడు? బిషారా మామతోనే పోయింది ఆ పని."

"ఇన్షిరాహ్ వేస్తుంది," అంది తఫీదా.

అనాలని అనుకోలేదు. నోటి నుంచి వచ్చేసింది. ఖలఫ్ తల్లినీ చెల్లెల్నీ మార్చి మార్చి చూసి, గేదెకి నీళ్ళు పెట్టాలని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఇన్షిరాహ్ బ్లేడు కింద పెట్టింది. "ఎందుకమ్మా ఆ మాట? నా గీతలో ప్రాణం లేదని బిషారా మామే అన్నాడు కదా. ఊళ్ళో అందరి గోడలకీ ప్రాణం పోసినాయన. ఆయనకి తెలీదా?"

తఫీదా రొట్టెల మీద ఈగ వాలితే తోలింది. మళ్ళీ వాలింది, మళ్ళీ తోలింది.

"ఆయన అనలేదు," అంది.

"ఏంటి?"

"బిషారా ఆ మాట అనలేదే. నేనే అన్నాను. ఆయన పేరు పెట్టి."

ఇన్షిరాహ్‌కి అప్పుడు పద్నాలుగేళ్ళు. తాత ఓడెక్కి హజ్‌కి వెళ్ళాడు. గోడకి బొమ్మలు వెయ్యడానికి బిషారా వచ్చాడు. ఆయన క్రైస్తవుడు. మక్కా ఎలా ఉంటుందో ఆయన చూసిందీ లేదు, చూడబోయేదీ లేదు. అయినా ఆ చుట్టుపక్కల హాజీల గోడలన్నీ ఆయనవే. రంగులు కలిపే పిల్లని చూసి, అరుగు పక్కన కిందిభాగం వదిలేసి, "ఓడ నువ్వెయ్యవే," అన్నాడు. పిల్ల చెయ్యి వణికి గీత వంకర పోతే, "పర్లేదు, ఆరాక బాగుంటుంది," అనేవాడు. తన గీత వంకరపోయినా అదే మాట.

"పని అయ్యాక నా దగ్గరికొచ్చాడు," అంది తఫీదా. "ఈ పిల్ల చేతిలో విద్య ఉందమ్మా, నాలో లేనంత ఉంది, నా వెంట పంపు, పట్నంలో బొమ్మల బడి ఉంది, నేను మాట్లాడతా అన్నాడు. మీ నాన్న పోయి అప్పటికి ఏడాదే. ఆడపిల్ల నిచ్చెనలెక్కి పరాయి గోడల మీద బొమ్మలేస్తే రేపు ఎవడు చేసుకుంటాడని భయపడ్డాను. ఆయనకి వద్దన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. నీకు వద్దంటే నువ్వు వినవు. ఏడుస్తావు, పోట్లాడతావు, చివరికి గెలుస్తావు. అందుకని ఆయనే అన్నాడని చెప్పాను. నువ్వేసిన ఓడ మీద నేను కొట్టించిన సున్నం కూడా ఆయనే కొట్టమన్నాడని చెప్పాను."

పొయ్యిలో కర్ర విరిగిన చప్పుడైంది.

"వీధిలో నన్ను పిలిచేవాడు," అంది ఇన్షిరాహ్. "అమ్మాయ్, రంగులు కలిపే అమ్మాయ్ అని. నేను ముసుగు లాక్కుని పక్కకి తప్పుకునేదాన్ని. ఆయన పోతే పలకరింపుకి కూడా పోలేదు. నీకు తెలుసా ఆ సంగతి?"

"తెలుసు. మీ అమ్మాయికి నా మీద కోపమెందుకని నన్ను రెండుసార్లు అడిగాడు. పిల్లలంతే అన్నాను."

"నా సంగతి సరే. ఆయనకేం చెప్తావు?"

మిగిలిన గడప ఒకటి కాదు, రెండు. రెండోది ఏ తలుపూ లేనిది.

ఇన్షిరాహ్ లేచి రొట్టెలన్నీ పొయ్యిలోకి తోసింది. కాలాక తీసి, బుట్టలో సర్ది, గుడ్డ కప్పి వెళ్ళిపోయింది. తనకి ఒక్క రొట్టె కూడా తీసుకోలేదు.

మూడు రోజులు రాలేదు. ప్రయాణం నాడు బస్సు దగ్గర ఊరంతా నిలబడి ఉంటే జనంలోంచి వచ్చి తల్లి తల మీద ముద్దు పెట్టుకుంది. దారికి ఖర్జూరాల మూట చేతిలో పెట్టింది. తఫీదా ఆ చెయ్యి వదల్లేదు.

"మన్నించానని ఒక్కమాట అను తల్లీ. ఆ రోజు అన్నది లెక్కలోకి రాదు."

"నోటికి రావట్లేదమ్మా. ఇంకో అబద్ధం చెప్పి పంపమంటావా?"

తఫీదా చెయ్యి వదిలేసింది.

మక్కాలో అందరూ ఏడుస్తూ ఏవేవో అడుగుతున్నారు. తఫీదా కాబా చుట్టూ తిరుగుతూ తనకోసం ఏమీ అడగలేకపోయింది. జనం తోపులాటలో ఎవరో నల్లావిడ ఆమె మోచెయ్యి పట్టుకుని పడిపోకుండా ఆపింది. ఆవిడ భాష తెలియదు. ఆవిడకే చెప్పేసింది అంతా, నడుస్తూనే, తన ఊరి మాటల్లో. ఆవిడ తల ఊపి, ఆమీన్ ఆమీన్ అంది.

పదో రోజున ఖలఫ్ ఫోనులో చెప్పాడు. "చెల్లెలొచ్చింది. సున్నం, జేగురు, నీలిమందు అన్నీ కలుపుకుంది. పొద్దున్నించి గోడ ముందు కుంచె పట్టుకుని నిలబడింది, మధ్యాహ్నం ఇంటికి పోయింది. నిన్నా అంతే. జనం నవ్వుతున్నారమ్మా. ఫ్లెక్సీ కట్టేస్తా."

"దానింటికి పోయి ఫోను దానికివ్వు."

కాసేపటికి ఊపిరి వినిపించింది. తర్వాత మాట.

"అమ్మా, చెయ్యి వణుకుతోంది. నాకిప్పుడు ముప్పై ఆరేళ్ళు. పద్నాలుగేళ్ళప్పుడు వచ్చింది ఇప్పుడు రాదు. ఏది గీసినా నువ్వన్న మాటే వినపడుతోంది. అబద్ధమని తెలిసినా సరే."

తఫీదా గుడారం గుంజని గట్టిగా పట్టుకుంది. పక్కన ఆడవాళ్ళు నిద్రపోతున్నారు. మధ్యాహ్నపు వేడికి గుడ్డ కప్పు కొట్టుకుంటోంది.

"వణకనీ. వణుకుతూనే గియ్యి. ఆ మాట నాది. నేను చదువుకోలేదు, బొమ్మల గురించి నాకేం తెలుసు. తెలిసినాయన ఏమన్నాడో చెప్పానుగా."

"బాగా రాకపోతే?"

"రాకపోతే రాదు. వంకర గోడ కిందే కూర్చుంటాను, చచ్చేదాకా. ఇప్పుడు మాత్రం సున్నం కొట్టించను."

అవతల ఇన్షిరాహ్ ఫోను పెట్టేసింది.

తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. డప్పులు, ఈలలు, వీధి పొడవునా పిల్లలు. రతీబా అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుంది. "నా కోడి నిన్ను మన్నించింది పో. పద, నీ గోడ చూడు. ముందే చెప్తున్నా, నీ మొహం మాత్రం గోడ మీద లేదు, గేదెల పాక మీదుంది."

నిజమే. ఖలఫ్ డబ్బులు దండగ కాకుండా ఫ్లెక్సీని పాక మీద పరిచాడు. తఫీదా మొహం ఆకాశం వైపు చూస్తోంది. దాని నీడలో గేదె నెమరు వేస్తోంది.

తర్వాత గోడ చూసింది. చూసి అడుగు ఆపేసింది.

పైన నీలిమందు ఆకాశం. విమానం ఉంది, రెక్కలు మరీ పొడుగు. కాబా చుట్టూ చిన్న చిన్న తెల్లటి మనుషులు. ఏ ఇద్దరూ ఒకలా లేరు. ఒకడు చెప్పు వెతుక్కుంటున్నాడు. ఒక ముసలావిడ మోచెయ్యి ఒక నల్లావిడ పట్టుకుని ఉంది. ఆ సంగతి ఖలఫ్‌కి ఫోనులో ఎప్పుడో చెప్పింది, మర్చిపోయింది కూడా. తలుపు పక్కన గాడిద, చెవులు ముందుకి వాల్చి. కొన్ని గీతలు వణికాయి. వణికినచోట తుడిచి దిద్దలేదు, అలాగే వదిలేసింది.

కింద, అరుగు పక్కన, సున్నం గోకేసి ఉంది. రొట్టెల బ్లేడుతో, పొర తర్వాత పొర. అడుగున పాత ఓడ బయటపడింది. రంగు వెలిసింది, తెరచాప కొయ్య అతిగా పెద్దది, అలలు మూడే మూడు. పద్నాలుగేళ్ళ పిల్ల ఓడ. దాన్ని ముట్టుకోలేదు, కొత్త రంగు వెయ్యలేదు.

ఓడ పక్కన కొత్తగా ఒక మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని, నెత్తిన ఉన్ని టోపీ, చేతిలో ఖర్జూరపు నార కుంచె. మెడ కొంచెం పక్కకి వాల్చి, ఓడని చూస్తున్నాడు. బిషారా.

"హాజీల గోడ మీద క్రైస్తవుడేంటని మసీదు షేక్ గారిని అడిగారు కొందరు," ఖలఫ్ గొణిగాడు. "ఈ గోడలన్నీ వేసింది ఆయనే కదా, కూర్చోనివ్వండి అన్నాడు షేక్."

తఫీదా జనాన్ని తప్పించుకుని అరుగు దగ్గరికి పోయింది. మోకాళ్ళ నొప్పితో మెల్లగా కింద కూర్చుంది. ఇప్పుడు ఆ బొమ్మ మొహం ఆమె మొహానికి సరిగ్గా ఎదురుగా ఉంది.

"బిషారా అన్నా," అంది, వీధిలో ఎవరికీ వినపడనంత మెల్లగా. "నీ నోట నేను పెట్టిన మాటకి నన్ను మన్నించు. నీకు రంగులు కలిపే పిల్లని నీ దగ్గరికి రాకుండా చేశాను. ఇన్నాళ్ళూ నీ గడప ఎక్కడుందో తెలియలేదు."

తెల్లటి ముసుగు అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. డప్పులు ఆగిపోయాయి.

ఎవరో పక్కన వచ్చి కూర్చున్నారు. గోళ్ళలో నీలం రంగు. ఆ చెయ్యి తల్లి వీపు మీద పడింది, రొట్టె పిండిని తట్టినట్టు, మెల్లగా.

"ఇంకా తడిగానే ఉందమ్మా, మొహం ఆనించకు," అంది ఇన్షిరాహ్. కాసేపు గోడని, తల్లిని చూసింది.

"పర్లేదు," అంది. "ఆరాక బాగుంటుంది."