కీ వచ్చే రోజుకి ఒక సర్వర్

"ఇది మీకు అమ్మనండీ," అంది అమల.

"అమ్మరా? మరి దుకాణం ఎందుకు తెరిసిండ్రు మేడమ్?"

ఎల్‌బీ నగర్ మెట్రో దిగి విజయవాడ రోడ్డు వైపు నాలుగడుగులు వేస్తే, ఒక మేడ మీద రామమోహనరావు గారి షాపు కనిపిస్తుంది. పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన సర్వర్లను తెచ్చి, బాగుచేసి అమ్మడం ఆయన వ్యాపారం. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. బోర్డు మీద పేరు ఆయనదే కానీ, బేరం మాత్రం కూతురు అమలది. అడిగింది ఇవ్వదు, అవసరమైంది ఇస్తుందని ఆమెకు పేరు. ఇంతవరకూ ఆమె ఎంపిక తప్పింది లేదు. ఆ సంగతి ఆమెకు అందరికన్నా బాగా తెలుసు, అదే వచ్చిన చిక్కు.

ఎదురుగా నిలబడ్డవాడి పేరు మణికంఠ. వాన నీళ్ళు కారుతున్న హెల్మెట్‌ను కౌంటర్ మీద పెట్టేశాడు. ఆ నీళ్ళు బిల్లు పుస్తకం వైపు పారుతుంటే అమలకు ఒళ్ళు మండింది.

"అరవై నాలుగు కోర్ల ప్రాసెసర్ కావాలె. అన్నిట్ల పెద్దది."

"ఎందుకో చెప్పండి."

"నా ఫోరం పడిపోతుంది."

"జ్వరం ఎంతుందో చెప్పకుండా పెద్ద ఇంజెక్షన్ అడుగుతారేంటండీ? పోయిన వారం గ్రాఫులు చూపించండి."

అతను గొణుక్కుంటూనే లాప్‌టాప్ తెరిచాడు. ఫోరం పేరు 'కొలువు ముచ్చట'. సర్కారు ఉద్యోగాల పరీక్షలు రాసేవాళ్ళు లక్ష మందికి పైగా అందులో ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదువుకుంటూ, హాస్టళ్ళలో పడుకుంటూ, డౌట్లూ దిగుళ్ళూ అన్నీ అక్కడే చెప్పుకుంటారు.

అమల గ్రాఫు మీద వేలు పెట్టింది. "మీ ప్రాసెసర్ ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటోంది. మీ డేటా అరవై జీబీ, మెమొరీ పదహారు. ఎవరు ఏ పోస్టు అడిగినా డిస్కులోంచి వెతికి తేవాలి. వంటవాడు గరిటె గరిటెకీ గోదాముకి పరిగెడుతుంటే, ఇంకో పదిమంది వంటవాళ్ళని పెట్టి ఏం లాభం? నూట ఇరవై ఎనిమిది జీబీ మెమొరీ ఉన్నది తీసుకోండి. డేటా మొత్తం అందులోనే కూర్చుంటుంది. డిస్కులు మామూలువి చాలు."

మణికంఠ కాసేపు ఆమెనూ, కాసేపు గ్రాఫునూ చూశాడు. ఆమెను చూసింది కొంచెం ఎక్కువసేపు.

"మేడమ్, జర ఒక్క మాట. వచ్చే బుధవారం కమిషన్ ప్రిలిమినరీ కీ ఇస్తది. జవాబులన్నీ వస్తయ్, అందరు మార్కులు లెక్కవెట్టుకుంట మా దాంట్లనే పడ్తరు. పోయినసారి గదే రోజు పడింది, తెల్లారిదాంక లేవలే. ఈసారి గూడ పడితే బంద్ చేసి నాగోల్ల తన ప్లాట్ల దందా ఆఫీసుల కూసో అన్నడు మా నాయిన. సరే అని మాటిచ్చిన. ఏడేండ్ల కష్టం మేడమ్ ఇది."

అమలకు ఎందుకో బిల్లు పుస్తకం తడిసిన సంగతి గుర్తు రాలేదు.

"పడదు," అంది. "పూచీ నాది."

*

దిల్‌సుఖ్‌నగర్‌లో వెంకట్రావు అనే ఆయన ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తాడు. ఆయన ఆఫీసు ఏసీ గదిలో ఆ సర్వర్ చేరింది. అమలే వెళ్ళి బిగించి వచ్చింది. మర్నాటి నుంచి రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టింది.

"ఎలా ఉంది?"

"మంచిగనే ఉన్న మేడమ్. మీరెట్లున్నరు?"

"మిమ్మల్ని కాదండీ, సర్వర్‌ని అడుగుతున్నా."

"అది గూడ మంచిగుంది. మీ గురించే అడుగుతుంది."

అమల టక్కున ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక అయిదు నిమిషాలు నవ్వుతూనే ఉంది. వాళ్ళ నాన్న పేపరు చాటు నుంచి చూసి, చూడనట్టే పేజీ తిప్పారు.

స్పీడు ఎలా ఉందో చూద్దామని ఆమె ఫోరం తెరిచేది. అది వంక. చదివేది మణికంఠ రాసిన జవాబులు. సైదాబాద్ నుంచి ఉదయలక్ష్మి అనే అమ్మాయి, నాలుగోసారి కూడా తప్పానని, ఇంక చాలించుకుంటానని రాసింది. మణికంఠ ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. 'రేపు పొద్దుగాల ఎనిమిదింటికి పాలిటీ మొదటి చాప్టర్ తెరువు చెల్లె, పదింటికి నాకు చెప్పు' అని రాశాడు. పదింటికి ఆ అమ్మాయి రాయకపోతే, పది దాటి అయిదు నిమిషాలకు 'ఏమైంది?' అని తనే అడిగాడు. అలా నెల రోజులు అడిగాడు. ఆ నెల రోజుల పాత పోస్టులన్నీ అమల కూర్చుని చదివింది. ఇలాంటి మనిషి ప్లాట్ల ఆఫీసులో కూర్చోకూడదని గట్టిగా అనుకుంది. తర్వాత ఇంకా ఏవేవో అనుకుంది, అవి మనకు ఊహించడం కష్టం కాదు.

బుధవారం రానే వచ్చింది. సాయంత్రం అయిదింటికి కీ వస్తుందని కమిషన్ ప్రకటించింది. పదకొండింటికి టీ తాగుతూ, పోయినసారి కీ వచ్చిన రోజు నాటి చర్చను తెరిచింది అమల. రెండు పేజీలు తిప్పేసరికి టీ కప్పు కింద పెట్టేసింది.

మామూలు రోజుల్లో ఆ ఫోరంలో వందమంది చదివితే ఒక్కడు రాస్తాడు. కీ రోజు అలా కాదు. ప్రతివాడూ 'నాకు 78, ఛాన్స్ ఉందా అన్నా?' అని రాయాల్సిందే. మిగిలినవాళ్ళు జవాబులు తమకూ తెలియాలని 'ఫాలోయింగ్' అని రాస్తారు. అలా వేలమంది. పైగా కొత్త పోస్టు పడ్డ ప్రతిసారీ ఆ వేలమందికీ తలా ఒక నోటిఫికేషన్ రాయాలి. చదవడానికి మెమొరీ చాలు. రాసింది నిలవాలంటే మాత్రం డిస్కు దాకా వెళ్ళాలి. తను ఇచ్చిన మామూలు డిస్కులు ఆ తాకిడికి పది నిమిషాలు కూడా ఆగవు.

పోయిన వారం గ్రాఫులే అడిగింది కానీ, కీ రోజు గ్రాఫు అడగాలని తట్టలేదు. అతను ఆ రోజు సంగతి నోరు విడిచి చెప్పినా తట్టలేదు.

నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. జనం ఎక్కువై పడిందనుకుంటారు. షాపు పేరూ, ఆమె పేరూ చెక్కుచెదరవు. ఆ ఆలోచన వచ్చినందుకే అమలకు తన మీద తనకు అసహ్యం వేసింది.

"నాన్నా, నేను తప్పు చేశాను," అంది. జరిగింది చెప్పింది.

రామమోహనరావు గారు బీరువా తెరిచి, రెండు కొత్త ఎస్‌ఎస్‌డీలు తీసి బల్ల మీద పెట్టారు. మామూలు డిస్కుల కన్నా వందల రెట్లు వేగంగా రాసేవి. "విజయవాడ పార్టీ కోసం తెప్పించినవి. ఆయనకి నేను చెప్పుకుంటాలే. నువ్వు బయల్దేరమ్మా. గొడుగు మర్చిపోకు."

బయట వాన దంచి కొడుతోంది. రోడ్డు మీద బస్సులు కదలడం లేదు. మెట్రోలో మూడు స్టేషన్లు వెళ్ళి దిగింది. గొడుగంతా డిస్కుల పెట్టెకు పట్టి, తను నిలువునా తడిసి, వెంకట్రావు గారి ఆఫీసు మెట్లెక్కింది.

"అయ్యో, ఏంది మేడమ్ గిట్ల తడిసిండ్రు!" అని, కీ రోజని పొద్దున్నుంచీ అక్కడే కాపున్న మణికంఠ టవల్ కోసం పరిగెత్తబోయాడు.

"ఆగండి. ముందు నా మాట వినండి. నేను మీకు తప్పు సర్వర్ ఇచ్చాను. ఇలాగే ఉంచితే ఈ సాయంత్రం పడిపోతుంది. తప్పు నాది, మీది కాదు." ఊపిరి పీల్చుకుని మిగతాదంతా చెప్పింది. "ఈ డిస్కుల్లోకి మార్చాలంటే మూడు గంటలు పడుతుంది. అంతవరకూ ఫోరం మూసేయాలి."

"కీ రోజు మూసుడా? మా నాయిన పొద్దటిసంది చూస్తనే ఉన్నడు!"

"నన్ను నమ్మడానికి మీకు కారణం ఏమీ మిగల్లేదు. నాకు తెలుసు."

మణికంఠ ఆమె జుట్టు నుంచి కారుతున్న నీళ్ళను చూశాడు. చుక్క కూడా తడవని పెట్టెను చూశాడు. వెళ్ళి ఫోరం మూసేసి, 'నాలుగింటికి తెరుస్తం, పరేషాన్ కాకుర్రి' అని బోర్డు పెట్టాడు.

ఆ మూడు గంటలూ ఇద్దరూ సర్వర్ పక్కన కింద కూర్చున్నారు. ఏసీ చలికి ఆమె వణుకుతుంటే అతను తన జాకెట్ ఇచ్చాడు.

"ఫోన్ల చెప్తే నేను ఒచ్చి తీస్కపోతుంటి గదా. గింత వానల మీరెందుకు?"

"తప్పు చేసి ఫోన్లో చెప్పడం నాకు చేతకాదు." కొంచెం ఆగింది. "అదొక్కటే కాదు. ఉదయలక్ష్మికి మీరు రాసినవన్నీ చదివాను. మీరంటే నాకు చాలా ఇష్టం. అది కూడా ఎదురుగానే చెప్పాలనిపించింది."

లక్షమందికి జవాబులు రాసినవాడు ఒక్కరికి చెప్పలేక చెవులదాకా ఎర్రబడ్డాడు.

అంతలో కాపీ పూర్తయింది. మూడూ యాభైకి ఫోరం తెరిచారు. అయిదు కొట్టగానే కీ వచ్చింది. 'నాకు 81, ఛాన్స్ ఉందా అన్నా?' 'ఫాలోయింగ్.' 'ఫాలోయింగ్.' పేజీలు వరదలా పెరుగుతున్నాయి. అమల కళ్ళు డిస్కుల గ్రాఫు మీదే ఉన్నాయి. గీత సగం దాకా లేచి అక్కడే ఆగింది. అయిదున్నర అయింది, ఆరయింది, గీత ఇంకా అక్కడే ఉంది. ఫోరం పడలేదు.

మణికంఠ ఫోన్ మోగింది. అవతల వాళ్ళ నాన్న సత్యనారాయణ. అమలకూ వినబడేలా స్పీకర్ నొక్కాడు.

"అరే మణీ, నా ఫోన్ల గూడ టక్కున తెరుసుకుంటుంది రా! పో, నీ ముచ్చట నువ్వే నడుపుకో. ఆఫీసుకు వేరేటోన్ని చూసుకుంట. గా మిషిని ఇచ్చిన పోరడెవడో గని, ఐతారం ఇంటికి తోల్కరా. మీ అమ్మ అన్నం పెడ్తది."

"పోరడు గాదు నాయినా. అమ్మాయి."

"గట్లనా? అయితే మీ అమ్మకు ఇప్పుడే చెప్త," అని ఫోన్ పెట్టేశాడాయన.

మణికంఠ అమల వైపు తిరిగాడు. "నేను గూడ చెప్పాలె. మీ షాపుల నిలవడ్డ దినం సంది చెప్దామనే ఉన్న. మీరంటే నాకు పానం. ఐతారం ఒస్తరా?"

"ఒక్కదాన్నే అయితే రాను," అంది అమల.

అతని ముఖం వాడిపోయింది.

"ఒక్కదాన్నే వస్తే భోజనానికి వచ్చినట్టుంటుంది," అంది ఆమె, నవ్వు ఆపుకోలేక. "నాన్నని తీసుకొస్తాను."

అర్థం కావడానికి మణికంఠకు ఒక నిమిషం పట్టింది.