ఏడువేల అడుగులు

పొద్దున ఏడుంబావుకల్లా ఆళ్లగడ్డ బస్టాండులో ఉండాలి జాహ్నవి. ఒక చేత్తో తల దువ్వుకుంటూ, ఇంకో చేత్తో ఫోను చూసుకుంటోంది. ఆ ఫోనులో ఉన్నది వాళ్ల నాయన. అంటే, నాయన కుడిచేతికి కట్టిన స్మార్ట్‌వాచీ పంపే అంకెలు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు, నిన్న ఎన్ని అడుగులు వేశాడు, అన్నీ అందులోనే. అసలు నాయన అక్కడే, నాలుగు బారల దూరంలో అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆ వైపు మాత్రం ఆ పిల్ల చూపు పోలేదు.

"నాయనా, వాచీ చార్జింగ్ పెట్టినావా?"

"పెట్టినా పాపా."

"బెల్టు కొంచెం బిగించుకో. రాత్రి ఆక్సిజన్ తొంభై ఒకటి చూపిస్తాంది. చేతికి సరిగ్గా అంటుకోకుంటే అట్లే తప్పు చూపిస్తాది."

"సరే."

"నిన్న ఏడువేల రెండొందల అడుగులు. ఈ పొద్దు డాక్టరమ్మకు చూపిస్తా, ఆమె కూడా మెచ్చుకుంటాది చూడు."

ఆదినారాయణ తలూపి గ్లాసులోకి చూసుకున్నాడు. వంటింటి గడప దగ్గర నిలబడ్డ ఉమామహేశ్వరమ్మ ఏదో అనబోయింది. మొగుడు ఒక్క చూపు చూశాడు. ఆమె నోరు మూసుకుని, ఇద్దరికీ కట్టిన పెరుగన్నం డబ్బా తెచ్చి కూతురి సంచిలో పెట్టింది.

ఆదినారాయణ రాతి శిల్పి. నలభై ఏళ్లు నల్లరాయి ముందు కూర్చుని వినాయకుళ్లను, నందులను, నరసింహస్వాములను చెక్కిన మనిషి. నిరుడు పట్టుకున్న దగ్గు ఎంతకీ వదలకపోతే కూతురే నంద్యాలలో ఆసుపత్రికి తీసుకుపోయింది. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము పేరుకుందని తేల్చింది డాక్టరమ్మ. ఇక ఉలి ముట్టొద్దంది, రోజూ చేతనైనంత నడవమంది. మారు మాట్లాడకుండా ఆయన వారంలోపలే పనిముట్లకు పూజ చేసి, మేనల్లుడు హరీష్ చేతిలో పెట్టేశాడు. వాళ్ల ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పనిముట్లు అప్పగించిన మనిషి మళ్లీ బొమ్మ మీద ఉలి పెట్టకూడదు. ఆయన ఆ కట్టుబాటు తప్పే రకం కాదు.

జాహ్నవిది నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. పొద్దున పోతే చీకటి పడే వేళకు వస్తుంది. పగలంతా నాయనను కనిపెట్టుకుని ఉండేదానికి దారేదని ఆలోచించి వాచీ కొన్నది. ఆయన ఎడమ మణికట్టు మీద ఎప్పుడో రాయి చిట్లి తగిలిన గాయం మచ్చ ఉంది, బెల్టు ఒరుసుకుంటుందని కుడిచేతికే కట్టింది. ప్రేమ లేకపోతే ఇవన్నీ ఎందుకు చేస్తుంది? ప్రేమ ఉంది, దానికేం లోటు లేదు. కానీ డాక్టరమ్మ చేతనైనంత అన్న చోట ఈ పిల్ల ఫోనులో ఎక్కడో చదివి ఆరువేలు అని రాసి పెట్టుకుంది. అక్కడే వచ్చింది తంటా అంతా.

మొదటి వారం తొమ్మిదొందలు, వెయ్యి, పదకొండొందలు. రోజూ సాయంత్రం ఇంట్లో పంచాయితీ. ఎనిమిదో రోజు ఉన్నట్టుండి అయిదువేలు దాటింది. మరుసటి రోజు ఒక్కటీ తగ్గింది గానీ, ఆ తర్వాత వెనక్కి చూసింది లేదు. ఆఫీసులో అందరికీ ఫోను చూపించి మా నాయన అని మురిసిపోయేది. నాలుగు నెలలు అలాగే గడిచిపోయాయి.

ఇంటి నుంచి బస్టాండు ఎంతో దూరం లేదు. అయినా ఆదినారాయణ దారిలో రెండుసార్లు ఆగాడు. ఒకసారి చెప్పు సర్దుకున్నట్టు, ఇంకోసారి ఎవరినో పలకరించేటట్టు.

"బేగా రా నాయనా, బస్సు పోతాది," అంది జాహ్నవి ముందు నడుస్తూ.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రేను పాత దాని పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఇంకా దుమ్ములోకి వెళ్తున్నారా?"

ఆయన నోరు తెరిచేలోపే జాహ్నవి అందుకుంది. "లేదు మేడమ్. పని మానేసినాడు. రోజూ ఏడువేల అడుగులు నడుస్తాడు. చూడండి," అని ఫోను ఇచ్చింది.

"ఏడువేలా?" డాక్టరమ్మ అంకెల వైపు చూసి, ఆయన వైపు చూసింది. "సరే, మన వరండాలో ఆరు నిమిషాలు నడిచి చూపించండి. నర్సు పక్కనే ఉంటుంది."

ఆదినారాయణ లేచాడు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నలభై అడుగులు ఉంటుందేమో. ఒకసారి పోయి తిరిగాడు. రెండోసారి సగంలో గోడ పట్టుకున్నాడు. ఇంకో నాలుగు అడుగులు వేసి, అలాగే గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. నర్సు వేలికి పెట్టిన మిషన్ చూసి, "ఎనభై రెండు మేడమ్," అని ఆక్సిజన్ కోసం పరిగెత్తింది. రెండు నిమిషాలు కూడా నడవలేదు ఆ మనిషి.

జాహ్నవి పక్కన కూలబడి ఆయన వీపు నిమురుతూ ఉండిపోయింది. చాలా రోజుల తర్వాత ఆ వీపు మీద చెయ్యి వేసింది. చొక్కా కింద ఎముకలు తగిలాయి. ఇంతగా ఎప్పుడు చిక్కిపోయాడో ఆమెకు తెలియదు.

ఆయన తేరుకున్నాక డాక్టరమ్మ ఆమెను లోపలికి పిలిచింది. "ఈయన రోజుకు ఏడొందల అడుగులు వేస్తే గొప్పమ్మా. దుమ్ము ఇంకా లోపలికి పోతూనే ఉంది. పోయినసారి కంటే బాగా ముదిరింది. పాడైన భాగం మళ్లీ బాగుపడదు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోండి. ఉన్నదాన్ని కాపాడుకోవాలి, అంతే."

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. జాహ్నవికి ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. తన వెనకాల దొంగచాటుగా బొమ్మలు చెక్కుతున్నాడని ఆమెకు అర్థమైపోయింది. ఇల్లు చేరి చెప్పులు కూడా విప్పకుండానే నిలదీసింది.

"ఏ బొమ్మ చెక్కుతాండావ్ నాయనా? ఎవరికి? పనిముట్లు ఇచ్చేసినా అని ఊరందరికీ చెప్పి, నేను బస్సెక్కంగానే కూర్చుంటాండావా? ఆ వాచీ ఎట్లా మోసం చేసింది?"

ఆదినారాయణ మంచం మీద కూర్చుని తల వంచుకున్నాడు.

"ఊపిరి పోయేంత అవసరమేముండాది ఆ బొమ్మతో? చెప్పు. నాకంటే ఎక్కువైందా అది?"

"ఇంక చాల్లే," అంది ఉమామహేశ్వరమ్మ. "రా, ఆ బొమ్మేందో చూద్దువుగాని."

పెరట్లో రేకుల పంచ కింద గోనెసంచి తీసింది. జాహ్నవి ఒక నందినో, ఒక అమ్మవారినో చూస్తాననుకుంది. అక్కడ ఉన్నది ఒక వ్యర్థపు రాయి. దానికి ముఖం లేదు, కాళ్లు లేవు, రూపమే లేదు. మొండి ఉలి దెబ్బలు పైనుంచి కింది దాకా, ఒకదాని మీద ఒకటి. చుట్టూ తెల్లటి పొడి. పక్కన ఒక పాత సుత్తి.

"ఇదేందమ్మా?"

"నీ ఏడువేలు."

జాహ్నవికి అర్థం కాలేదు. తల్లి చెప్పుకుపోయింది.

"వాచీ కట్టిన ఎనిమిదో రోజు హరీష్ వచ్చి, పీఠం అంచు ఎట్ల తియ్యాలో తెలీడం ల్యా మామా అన్యాడు. మీ నాయన ఈ రాయి మీద కొట్టి చూపించినాడు, గంటసేపు. ఆ సాయంత్రం నువ్వు అయిదువేలని ఎగురుకుంటా వస్తివి. డాక్టరమ్మ ఆ రాతిదుమ్ము మాట చెప్పినాక నువ్వు నవ్వింది ఆ పొద్దే. సుత్తి దెబ్బలను వాచీ అడుగులని లెక్క కడతాందని మాకు తర్వాత తెలిసింది. అయినా మరుసటి రోజు ఈయన నిజంగానే నడిచేదానికి పోయినాడు. రోడ్డు పక్కన కూలబడితే పక్కింటి వెంకటమ్మ ఆటోలో తెచ్చి దించింది. ఆ పొద్దు వాచీలో తొమ్మిదొందలు. నువ్వేమంటివో గుర్తుండాదా?"

గుర్తు లేదు. తల్లి కళ్లలోకి చూస్తుంటే మెల్లగా గుర్తొచ్చింది. నీకు బతకాలని లేదా నాయనా అంది. అని, అన్నం తినకుండా పడుకుంది.

"ఆ మరుసటి రోజు నుంచి మూతికి తుండుగుడ్డ కట్టుకుని, హరీష్ విడిచిపోయిన సుత్తీ ఉలీ పట్టుకుని, దినమ్మూ దీని ముందర కూర్చుంటాండాడు. వద్దంటే, పాప నిద్రపోతాది లేవే అంటాడు."

మెల్లగా, గోడ పట్టుకుంటూ ఆదినారాయణ వెనకే వచ్చాడు. గడప మీద కూర్చున్నాడు.

"నీ కోసమే అంటే అబద్ధం పాపా. చెయ్యి కూడా ఊరుకోలేదు. కట్టుబాటుండాది కాబట్టి రూపం మాత్రం రానియ్యలేదు."

"నడిస్తే ఊపిరాడదని నాకు చెప్పకూడదా నాయనా?"

"చెప్తిని. మొదటి వారమే చెప్తిని. నువ్వు ఫోను చూసి, గుండె బాగనే కొట్టుకుంటాంది, ఏం కాదు నడువు అంటివి." ఆయన మాటలో నిష్ఠూరం లేదు. అదే ఆమెను కోసేసింది.

జాహ్నవి రాతిపొడిలోనే మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. "దానికి సుత్తి ఎందుకు నాయనా? రాయి ఎందుకు? చెయ్యి ఊరికే గాల్లో ఊపినా అంకె పడేది కదా."

ఆదినారాయణ ఆశ్చర్యంగా చూశాడు. "ఊరికే ఊపినా పడుతుందా?"

"పడుతుంది."

"మాకేం తెలుసు తల్లీ," అంది ఉమామహేశ్వరమ్మ. అంత దుమ్ము, అన్ని రోజులు, ఊరికే లోపలికి పోయిందని అప్పుడు తెలిసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జాహ్నవి నాయన రెండు కాళ్లు పట్టుకుని ఏడ్చింది. నీ పక్కనే ఉండి నిన్ను చూడలేదు నాయనా, ఫోనునే చూసుకుంటా ఉంటిని అంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, ఊరుకో ఊరుకో అంటూ ఉన్నాడు.

చాలాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని, పక్కన గడప మీద సర్దుకుని కూర్చుంది. ఆయన ముఖంలోకి చూసింది.

"ఎట్లుండాది నాయనా?"

బాగుండా అనబోయాడు ఆదినారాయణ. నాలుగు నెలలుగా ఆ మాట అవసరమే రాలేదు, ఎవరూ అడగలేదు. కూతురు ఇంకా తన ముఖమే చూస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"బాగల్యా పాపా," అన్నాడు. "పడుకుంటే ఎద మీద బరువు పెట్టినట్టుంటాది. రాత్రిళ్లు లేచి కూర్చుంటా. భయమేస్తాది."

"ఇంకా చెప్పు."

ఆయన చెప్పుకుపోయాడు. ఊపిరి అందనప్పుడు ఆగాడు, అందాక మళ్లీ మొదలుపెట్టాడు. జాహ్నవి ఆయన చెయ్యి పట్టుకుని, ఒక్క మాట అడ్డం రాకుండా వింటూ కూర్చుంది.