చిన్నమ్మికి చూపించని చావు

గుర్రాలు పెంచేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. కలిసి పెరిగిన రెండింటిలో ఒకటి చనిపోతే, రెండోదాన్ని తీసుకొచ్చి ఆ శవం దగ్గర కాసేపు వదిలేస్తారు. అది వాసన చూస్తుంది. మూతితో కదిపి చూస్తుంది. ఆ తర్వాత తనంతట తానే పక్కకు వెళ్లి గడ్డి మేస్తుంది. ఇక ఎదురుచూడదు.

ముసలాయన పోయిన రోజు ఆ పని జరగలేదు. ముసలాయన అంటే మనిషి కాదు, ఊరంతా గుర్రాలత్త అని పిలిచే ఆవిడ సాకిన మగగుర్రం. ఆమె దాణా కొనడానికి వెళ్లిన పూట అది కొట్టంలోనే కూలిపోయింది. చూస్తే అత్త తట్టుకోలేదని మేనల్లుడు కంగారుపడి, ఆమె తిరిగొచ్చేలోగా ట్రాక్టరుతో లాగించి, పొలం చివర గొయ్యి తీయించి పూడ్పించేశాడు. దాని జోడు చిన్నమ్మి అప్పుడు కంచె అవతల మేస్తోంది. దానికేమీ తెలియదు.

"నీ మంచికే కదత్తా," అన్నాడు తల గోక్కుంటూ.

"నా మంచి సరేరా. దాని సంగతి ఆలోచించావా?"

వానలు తగ్గాయి. ఆకులు పండి రాలుతున్నాయి. పొద్దు వాలేసరికి గడ్డి మీద మంచు పరుచుకుంటోంది. చిన్నమ్మి రోజూ ఆ వేళకి గేటు దగ్గర నిలబడి, దారికేసి చూస్తూ సకిలించేది. చెవులు నిక్కబొడుచుకుని జవాబు కోసం ఆగేది. మళ్లీ సకిలించేది. ఎండుగడ్డి పెట్టింది పెట్టినట్టే ఉండేది. పక్కటెముకలు బయటపడ్డాయి.

"చలి ముదిరేలోగా తిండి పట్టకపోతే దక్కదమ్మా," అని చెప్పి వెళ్లాడు పశువుల డాక్టరు.

గుర్రాలత్త దాణా వేడినీళ్లలో నానబెట్టి దోసిట్లో పట్టి నోటికందించేది. మోకాళ్లు పట్టేసేవి. చిన్నమ్మి వాసన చూసి మొహం తిప్పుకునేది. మిగిలిందంతా కుక్క లాగించేది. దాని పేరు దొర.

"ఈ ఇంట్లో నా చేతివంట నచ్చింది నీకొక్కడికేరా," అనేది నీరసంగా.

ఒక సాయంత్రం చిన్నమ్మి సకిలింపు మధ్యలో ఆపేసింది. మెడ చాచి, ముక్కుపుటాలు ఎగరేసి, గొంతులో సన్నగా గురగురలాడింది. పక్కకొచ్చి నిలబడ్డ గుర్రాన్ని పలకరించే చప్పుడది. దారి మీద ఏమీ లేదు. మంచు తప్ప.

మర్నాటి నుంచి తిండి మొదలుపెట్టింది.

"చూశావా, మర్చిపోయింది," అన్నాడు మేనల్లుడు. అత్తకీ ప్రాణం లేచొచ్చింది. కానీ ఏళ్ల తరబడి కొట్టంలోనే పడుకున్న దొర ఇప్పుడు గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టడం లేదు. చిన్నమ్మి వీపు మీద వెచ్చగా ముడుచుకునే పిల్లి వంటింట్లో పొయ్యి వెనక దూరింది. పిలిస్తే రాదు.

ఓ సాయంత్రం మబ్బు మూసేసి, కొట్టంలో అప్పుడే చీకట్లు కమ్మాయి. అత్త లాంతరు పట్టుకుని లోపలికెళ్లింది. తడిమట్టి వాసన. చిన్నమ్మి అడ్డుచెక్క మీదుగా తల చాచి, పక్కన ముసలాయన ఖాళీ గదిలో గాలిని పళ్లతో మెల్లగా గీరుతోంది. జోడుగుర్రాలు ఒకదాని మెడ ఒకటి అలాగే గీరుకుంటాయి. అత్త లాంతరు ఎత్తింది. చిన్నమ్మి మెడ మీద వెంట్రుకలు కదులుతున్నాయి... పాయ తర్వాత పాయ... ఎవరో పళ్లతో దువ్వుతున్నట్టు. జూలు నిండా తడి మట్టి.

రెండు ఊపిరుల చప్పుడు వినబడింది. ఒకటి చిన్నమ్మిది.

రెండోది అత్త జబ్బకి తగిలింది. చల్లగా.

మర్నాడు సాయంత్రం చిన్నమ్మికి పగ్గం కట్టి బయటికి తీసింది.

"తింటోంది కదత్తా, ఇప్పుడెందుకు?"

"గొయ్యి దగ్గరికి. ఆలస్యమైనా దానికి తెలియాలి. ఎవరు పలికినా తన జోడేననుకునేలా ఉందిరా."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి వెంట నడిచాడు.

గొయ్యి మీద మట్టి ఇంకా ఎత్తుగానే ఉంది. చిన్నమ్మి వాసన చూసింది. కాలితో ఒకసారి గీరింది. అంతలో...

వెనక, కొట్టంలోంచి సకిలింపు.

"అత్తా... లోపల దేన్నైనా కట్టేశావా?"

"ఏముందిరా కట్టేయడానికి," గుసగుసగా అంది.

మళ్లీ సకిలింపు. ముసలాయన గొంతే. పొల్లు పోకుండా అదే. చిన్నమ్మి గిరుక్కున తిరిగింది. పగ్గం బిగిసి అత్త అరచేతులు మండాయి. పట్టుకుని ఏం చెయ్యాలి? మళ్లీ ఆ పస్తులు, ఆ ఎముకలు, ఆ పిలుపులు. చేతుల్లో సత్తువ లేదు. పోనీ, వచ్చింది దాని జోడే కదా అనుకుంది. పగ్గం వదిలేసింది.

చిన్నమ్మి దౌడు తీసింది. వీళ్లు కొట్టం గుమ్మం చేరేసరికి అది లోపల చీకట్లోకి వెళ్లిపోయింది. బండల మీద గిట్టల చప్పుడు నెమ్మదించి, ఆగింది. ముద్దుగా గురగురలాడింది.

అవతలి మూలనుంచి ఏదో ఎదురొస్తోంది. టక్... టక్... బండల మీద గిట్టలే. గుర్రాలత్త ఊపిరి బిగబట్టి వింది. నడక చప్పుడు వింటే చాలు, ఏ గుర్రమో, ఏ కాలు కుంటుతోందో చెప్పగలదామె.

టక్... టక్...

అది రెండు కాళ్ల మీద నడుస్తోంది.