డాక్టరమ్మ ఉంచుదామంది

పాపాయి పెరట్లో చూరు కింద పీట వేసుకుని కొరమేనుని బూడిదతో రుద్దుతోంది. బూడిద లేకపోతే చేతిలో నిలవని చేప అది. ఆపరేషన్ అయినవాళ్ళకి కొరమేను పులుసు పెడితే కుట్లు త్వరగా మానతాయని కోడలి కోసం ఏరికోరి తెప్పిస్తోంది.

కోడలు దుర్గాశ్రీకి కాకినాడలో ఆపరేషన్ జరిగి నెల దాటింది. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సరు. తొలిదశలోనే బయటపడింది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసి పరీక్షకి పంపారు. ఆ రిపోర్టు నిన్న సాయంత్రం వచ్చింది. అండాశయాల్లో ఏమీ లేదు. ఇన్నాళ్ళకి పాపాయికి కాస్త ఊపిరి ఆడినట్టయింది.

ప్రహరీ అవతలి నుంచి పక్కింటి లోవమ్మ తొంగిచూసింది.

"ఏంటి పాపాయొదినా, పొద్దున్నే చేప ఒళ్ళు తోముతున్నావు! రిపోర్టొచ్చిందా?"

"వచ్చిందే. ఓవరీలకి పాకలేదంట. ఎక్కడా ఏమీ లేదంట. అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కుకున్నాను, స్వామి చల్లగా చూశాడు."

"పోన్లే తల్లీ, చల్లని మాట చెప్పావు. మరి పాకకపోతే వాటినెందుకు తీసేశారొదినా? నిండా ముప్పై రెండేళ్ళు లేని పిల్లకి?"

సంతోషంలో ఉన్న మనిషికి నోరు ఆగదు.

"డాక్టరమ్మ ఉంచుదామనే అందే. మొదట్లోనే పట్టుకున్నాం కదమ్మా, వీటికి పాకడం చాలా అరుదు, స్కానింగులో కూడా బాగున్నాయి అంది. నేనూ మావాడూ ఒప్పుకోలేదు. మళ్ళీ వాటికోసం ఇంకోసారి పొట్ట కోయించుకుంటామా? అన్నీ తీసిపారెయ్యండమ్మా, పీడా పోతుంది అన్నాం."

లోవమ్మ చూపు పాపాయి వెనకాల గుమ్మం మీద ఆగిపోయింది.

పాపాయి తిరిగి చూసింది. దుర్గాశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది. డాక్టరుకి చూపించుకోవాల్సిన రోజు కావడంతో పొద్దున్నే తయారైంది. ముసురు పట్టి ఊరంతా చల్లగా ఉంటే, అప్పుడే స్నానం చేసిన మనిషికి మెడంతా చెమట కారుతోంది.

"తర్వాతొస్తానొదినా" అంటూ లోవమ్మ తప్పుకుంది.

"ఉంచుదామందా అత్తయ్యా?" అంది దుర్గాశ్రీ.

పాపాయి చేతిలో చేప జారి నేల మీద పడింది.

డాక్టరమ్మ ఆ మాట చెప్పిన రోజు ఆస్పత్రిలో దుర్గాశ్రీని బయట బల్ల మీద కూర్చోబెట్టి పాపాయీ, కొడుకు భాస్కరూ మాత్రమే లోపలికి వెళ్ళారు. పెద్ద జబ్బు అనగానే ఇక్కడి ఇళ్ళలో అదే పద్ధతి. మనిషి బెదిరిపోతుందని, డాక్టరు చెప్పేదంతా ఇంట్లోవాళ్ళే వినొస్తారు. బయటికొచ్చాక "ఏమందత్తయ్యా?" అని కోడలు అడిగితే, "అన్నీ తీసెయ్యాల్సిందేనంటమ్మా" అని చెప్పింది పాపాయే. ఆపరేషన్ ముందు డాక్టరమ్మ వచ్చి అడిగినప్పుడు, దుర్గాశ్రీ ఆ మాట నమ్మే తలూపింది.

"నీ మంచికే కదమ్మాయ్" అంది పాపాయి.

మాటలు విని భాస్కర్ వసారాలోంచి వచ్చాడు. రొయ్యల మేత కంపెనీలో పని. భార్యని కాకినాడ తీసుకెళ్ళడానికి సెలవు పెట్టాడు.

"ఏంటి దుర్గా, ఏమైంది?"

"మీరూ విన్నారంట కదండీ, ఉంచవచ్చని డాక్టరమ్మ చెప్పడం."

భాస్కర్ తల్లి వైపు చూశాడు. తల్లి నేల వైపు చూసింది.

"రేపు అక్కడికీ పాకితే? నీకేదన్నా అయితే మన చిన్నపిల్లనేసుకుని నేనేమైపోవాలి? భయపడ్డాను దుర్గా. అంతే."

"నాకూ భయమేనండి. మీరు ఉన్నదున్నట్టు చెప్పుంటే, నేనూ తీసెయ్యమనే అనేదాన్నేమో. ఆ మాట నన్ను అననివ్వలేదు కదా మీరు."

"ఇప్పుడది తవ్వుకుంటే ఏమొస్తుంది? బతికి బయటపడ్డావు, సంతోషించక..."

"సంతోషంగానే ఉందండి. రిపోర్టు చూసి మీరందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. బాగున్నవాటినే తీయించారని తెలీక నవ్వాను."

పాపాయికి రోషం వచ్చింది.

"ఏంటమ్మాయ్, నువ్వొక్కదానివే చేయించుకున్నావా లోకంలో? నాకు నీ కంటే చిన్న వయసులో గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని వెళితే, పెద్దాపరేషన్ చెయ్యాలన్నారు. ఈ వీధివాళ్ళమే నలుగురం ఒకే వ్యానులో రాజమండ్రి వెళ్ళొచ్చాం. నేను బతకలేదా? నిన్ను కోడలిగా తెచ్చుకోలేదా?"

దుర్గాశ్రీ మెల్లగా అడిగింది.

"మీకు ఆవిర్లు ఎప్పుడు మొదలయ్యాయత్తయ్యా?"

"ఏం ఆవిర్లు?"

"ఉన్నట్టుండి మొహం మండిపోయి, జాకెట్టు తడిసిపోయి, చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకుంటారే, అవి. ఇప్పుడు నాకూ వస్తున్నాయి. ఓవరీలు తీసేస్తే వస్తాయని డిశ్చార్జి రోజు నర్సమ్మ చెప్పింది. ఎముకలు కూడా గుల్లబారతాయంది. కాలవ గట్టు మీద ఊరికే జారితే మీ మణికట్టు విరిగింది. అది వయసు వల్లనుకున్నాం మనం."

పాపాయి తన మణికట్టు వైపు చూసుకుంది.

పాపాయికి ఆపరేషన్ అయిన ఏడాదే మొదలయ్యాయి ఆ ఆవిర్లు. ఒళ్ళు కాలిపోతుంటే ఎవరు పలకరించినా కసిరేది. అత్తగారు ఆమెకి గయ్యాళి అని పేరు పెట్టింది. మొగుడు చాప తీసుకుని అరుగు మీదికి వెళ్ళిపోయాడు, మళ్ళీ లోపలికి రాలేదు. చిన్నప్పుడు ఈ భాస్కర్ కూడా అమ్మకి కోపమెక్కువని దగ్గరికి రావడానికి జంకేవాడు. తన బుద్ధే అంత అనుకుంది పాపాయి. దేవుడు తనని అలా పుట్టించాడనుకుని ఇన్నేళ్ళూ లెంపలేసుకుంది.

"నాకెవరూ చెప్పలేదే" అంది. "గర్భసంచితో పాటు ఏమేం తీశారో కూడా చెప్పలేదు. మీ మామయ్య వేలిముద్ర వేశాడు. నేను బయట బల్ల మీద..."

బూడిద చేతులతోనే మొహం కప్పుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. దుర్గాశ్రీ దగ్గరికొచ్చి అత్త చేతులు మొహం మీద నుంచి తీసింది. చెంబులో నీళ్ళు పోసి ఆ చేతులు కడిగింది. తన చీర కొంగుతో తుడిచింది. ఆమె కళ్ళలో కూడా నీళ్ళున్నాయి.

కాసేపటికి దుర్గాశ్రీ సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. భాస్కర్ బండి తాళం అందుకున్నాడు.

"నువ్వాగరా" అంది పాపాయి.

"అదేంటమ్మా, డాక్టరు దగ్గరికి ఒక్కతే ఎలా..."

"డాక్టరమ్మ చెప్పేది తనే వింటుంది. అడగాల్సింది తనే అడుగుతుంది. నువ్వాగు."

భాస్కర్ ఆగిపోయాడు.

వీధి చివర కొట్టుకి వెళ్ళినా "వెళ్ళొస్తానత్తయ్యా" అనడం దుర్గాశ్రీకి అలవాటు. పాపాయి స్తంభం పట్టుకుని ఆ మాట కోసం నిలబడింది. దుర్గాశ్రీ చెప్పులేసుకుంది. ఒక చేయి పొత్తికడుపు మీద ఆనించుకుని, రెండో చేత్తో గేటు తీసింది. సన్నగా పడుతున్న వానలో, ఏమీ అనకుండా, బస్సు రోడ్డు వైపు నడిచింది.