మాయాకూడలిలో జల్లెడ

చంద్రుడి మీద సోమగిరి కాలనీలో భూమి నిండుగా వెలిగే రోజు, కింద భూమ్మీద అమావాస్య. ఆ రోజు అక్కడివాళ్లు పోయినవాళ్ల పేరున విస్తరి వేసి, వాళ్లను పలకరించి, ఆ తర్వాతే తింటారు. పలకరిస్తే వాళ్లు బదులిస్తారు. బతికుండగా మెదడు నుంచి తీసి దాచిన ప్రతులవి. నీడమనసులంటారు.

ఆ మాటలన్నీ ఒక వర్చువల్ స్విచ్ గుండా పోవాలి. అది చేత్తో పట్టుకునే పెట్టె కాదు, కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా ఉండే కూడలి. అందుకే మాయాకూడలి అన్నారు. వచ్చిన మాట ఎవరిదో చూసి ఆ దారిన తోసెయ్యడమే దాని పని.

ఆ అమావాస్య పొద్దున దాని ప్రాసెసర్ ఊపిరాడని భారంతో వేడెక్కిపోతోంది. సాయంత్రంలోగా భారం దిగకపోతే కూడలి కూలుతుంది, నీడమనసులన్నీ చెదిరిపోతాయి. కూడలిని చూసుకునేది సింహాద్రి. అతని భార్య నూకాలు నీడమనసూ అందులోనే ఉంది. ఆమె పోయి ఆరేళ్లు. ఆమె మాట వినకుండా అతను ఏనాడూ ముద్ద ఎత్తలేదు.

"పండగ రద్దీ బావా, అదే దిగిపోద్ది," అన్నాడు తవిటయ్య. నూకాలు తమ్ముడతను, కూడలి పనిలో సింహాద్రికి జోడీ.

"ఇంకా ఎవడూ విస్తరే వెయ్యలేదు. రద్దీ ఎక్కడిది?"

నిజంగానే దారులన్నీ దాదాపు ఖాళీ. తోసెయ్యడానికి ఇంత శ్రమ అక్కర్లేదు. అంటే కూడలి ప్రతి మాటనూ విప్పి చదువుతోంది. సింహాద్రి ఒక్కో దారినీ కాసేపు ఆపి చూశాడు. నూకాలు దారి ఆపగానే భారం సగానికి పడిపోయింది. అక్కడ మాటలను వడగట్టే జల్లెడ ప్రోగ్రామ్ ఒకటి కూర్చుని ఉంది.

"ఇది ఎవరు పెట్టార్రా?"

తవిటయ్య తెర వైపు చూస్తూ, "నానే," అన్నాడు.

"ఎందుకు?"

"మొదట్లో అప్ప ఏటి మాటాడిందో నువ్వు వినలేదు, నాను విన్నాను. అది నీదాకా రానిస్తే ఏటైపోదువో అని, ఆ గొంతుతోనే వేరే మాట కట్టి పంపుతున్నాను. ఊరందరి నీడమనసుల మాటలూ ఇలాగే మారుస్తన్నాను. పోయినోళ్లకి మొహమాటం ఉండదు బావా."

"ఆరేళ్లు నాతో మాట్లాడింది నువ్వన్నమాట."



సింహాద్రి జల్లెడ తీసేశాడు. ప్రాసెసర్ చల్లబడింది. నూకాలు దారి తెరిచి, "నూకాలూ," అని పిలిచాడు.

"ఇప్పటికి వినబడిందా? ఆరేళ్లబట్టి సెప్పిందే సెప్తన్నాను. నువ్వేమో నాను కూర బాగుందా అనడిగినట్టు ఏదో బదులిస్తావు. నన్ను తుడిచెయ్. నీకాడ బతికిన బతుకు సాలు, సచ్చాకా నీకాడే ఉండాలా? దండం పెడతాను, తుడిచెయ్."

సింహాద్రి దారి మూశాడు.

"తుడిచేద్దాం బావా," అన్నాడు తవిటయ్య మెల్లగా. "అప్ప అడుగుతోంది."

"జల్లెడ మళ్లీ పెట్టు."

"అప్ప ఎవరూ పిలవకపోయినా మాటాడతానే ఉంది, ఏటేటా అది పెరిగిపోతోంది. జల్లెడ పెడితే సాయంత్రానికి కూలిపోద్ది. ఎవరో ఒకర్ని తుడిస్తే గానీ ఆగదు."

"నూకాలు తర్వాత ఎక్కువ మాట్లాడేది ఎవరు?"

"మా అమ్మ," అన్నాడు తవిటయ్య.

సింహాద్రి ఆ ముసలామె నీడమనసును తన చేత్తోనే తుడిచేశాడు. అల్లుడిగా ఆమె చేతి అన్నం చాలానే తిన్నాడు.

"కూర్చో, జల్లెడ పెట్టు," అన్నాడు. "ఈసారి ఇంకొంచెం ప్రేమగా మాట్లాడించు."