శాంపిల్ ప్యాకెట్‌లో కంటిపొర

సూర్యాపేటలోని తన గోనెసంచుల దుకాణంలో ముత్తయ్య ఎవరికీ కుర్చీ వేయడు. కుర్చీ వేస్తే మనిషి కూర్చుంటాడు, మనిషి కూర్చుంటే బేరం సాగుతుంది అంటాడు. అందుకే కృపాకర్ సంచుల కట్ట మీదే కూర్చుని తన కొత్త మిషన్ సంగతి విన్నాడు.

ఊరికి ముత్తయ్య పాత సంచుల వ్యాపారి, కృపాకర్ బియ్యం బ్రోకర్. ఢిల్లీలో గూఢచారి డిపార్ట్‌మెంట్ మూసిన తలుపు వెనక మాత్రం ముత్తయ్య చీఫ్, కృపాకర్ ఏజెంట్ సెవెంటీన్. తేమ పదిహేడు శాతం దాటితే వడ్లు కొనేవాడుండడు. ఆ హద్దు గుర్తుండాలని ఆ నంబర్ అతనే అడిగి తీసుకున్నాడు.

"కమల కన్ను ఎట్లుంది సార్?" అన్నాడు కృపాకర్.

"గమ్ము పెట్టి ఆపిండ్రు. ఇయ్యాల సాయంత్రం దాకనే ఆగుతదంట. ఆ తర్వాత కన్ను కన్నే పోతది."

కమల కృపాకర్ పార్ట్‌నర్. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆమె ఎడమ కన్ను మసకబారింది. లోకాన్ని చూసేది కుడి కంటితోనే. కిందటి వారం డాక్టర్ లక్ష్మీకాంతమ్మ ల్యాబ్‌కు శత్రువులు నిప్పు పెట్టినప్పుడు, కాపలా ఉన్న కమల కుడి కంట్లో గాజుముక్క దిగింది. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరకు, కార్నియాకు, చిల్లు పడింది. దాత కన్ను దొరికేదాకా అది ఆగదు.

ఆ ల్యాబ్‌లో ఉన్నది వజ్రాలు కావు. చెత్త. కళ్లజోడు వద్దనుకున్నవాళ్లకు లేజర్ ఆపరేషన్ చేసినప్పుడు కార్నియా లోపలి నుంచి పప్పుబద్ద ఆకారంలో పల్చటి పొర తీస్తారు. అంతటా దాన్ని పారేస్తారు. లక్ష్మీకాంతమ్మ పారేయలేదు. ఎండబెట్టి నిల్వచేసే పద్ధతి కనిపెట్టింది. అవసరం పడ్డనాడు సెలైన్‌లో నానబెడితే ఆ పొర మళ్లీ మెత్తబడుతుంది, చిల్లుపడ్డ కంటికి అతుకవుతుంది. సరిహద్దులో సైనికుడి కంట్లో రవ్వ దిగితే డాక్టర్ జేబులోంచి తీసి వేయొచ్చు. అందుకే మిలిటరీకి ఆ పద్ధతి కావాలి. అందుకే డిపార్ట్‌మెంట్ 'కాటుక' అని పేరు పెట్టిన విదేశీ ముఠాకూ కావాలి.

"మంటల్ల అన్నీ పోయినయ్. ఒక్క శాంపిల్ మిగిలింది," అన్నాడు ముత్తయ్య. "అది ఉషారాణి దగ్గరుంది. కోదాడల."

కృపాకర్ మొహం చిట్లించాడు. ఉషారాణి డబుల్ ఏజెంట్. పేరుకు కంటి మెషిన్ల కంపెనీ ప్రతినిధి. కాటుక దగ్గర జీతం, ఇక్కడ విధేయత. లేదా తారుమారు.

"రెండు దుకాణాలల్ల ఖాతా ఉన్నోళ్లను నమ్ముడెట్ల సార్?"

"నమ్మకు. సరుకు తీస్కో. మిర్యాలగూడల మన మిల్లుకు పో. మిల్లు ఎన్క గల్లీలనే దవాఖాన. లక్ష్మీకాంతమ్మ, కమల గాడనే ఉన్నరు. సరుకు గుమస్తా మట్టయ్య చేతికియ్యి. నువ్వు అతన్ని సూడలేదు గదా. 'ఈ ఏడు సన్నాలు ఎట్లున్నయ్' అని అడుగు. 'గింజ మంచిదే, తౌడే ఎక్కువ' అంటడు."

లేస్తుంటే చీఫ్ ఒక దబ్బనం అందించాడు. సంచులు కుట్టేదే. మొనలో మాత్రం మత్తుమందు.

"దగ్గర పెట్టుకో. కుట్టుకునేవు, పైలం."

కోదాడ హైవే హోటల్ ఏసీ గదిలో ఉషారాణి నెమలిపింఛం రంగు పట్టుచీరలో కూర్చుని ఉంది. చుట్టూ నాలుగు బల్లలవాళ్లు ఇడ్లీ చల్లారుతున్నా ఆమెనే చూస్తున్నారు. ఆమె ఎవరినీ చూడటం లేదు, తలుపును తప్ప.

"ఆలస్యం చేశావు కృపాకర్. ఇంకో కాఫీ తాగితే నాకు గుండె పట్టుకునేది."

"నీకు గుండె ఉందని ఫైల్లో లేదు."

ఆమె నవ్వి చేయి చాచింది. అరచేతిలో గోరంత సీల్డ్ కవర్. లోపల ఉల్లిపొర తునకలాంటిది. ఊదితే ఎగిరిపోయేలా ఉంది.

"ఇది తడవకూడదు, నలగకూడదు. ఐస్ అక్కర్లేదు. అసలు రహస్యం అదే. వాళ్లకింకా తెలీదు. కంటిముక్కంటే మంచుపెట్టెలోనే ఉంటుందనుకుంటున్నారు. ఎవరిదో అడగవా?"

"సరుకు మంచిదైతే ఊరు అడగను."

కృపాకర్ జేబులోంచి బియ్యం శాంపిల్ ప్యాకెట్ తీశాడు. మరపట్టిన సన్నబియ్యం, బాగా ఎండినవి. కవర్‌ను ఆ గింజల నడుమ దోపి ముడివేశాడు. ఎండుబియ్యం తేమను దగ్గరకు రానివ్వదు. పైగా ఈ దారిలో బియ్యం ప్యాకెట్లు లేని బ్రోకర్ కారే అనుమానంగా ఉంటుంది. అతని డ్యాష్‌బోర్డు మీద అలాంటివి కుప్పగా ఉన్నాయి. ఇది, గుర్తుకు మూలన కట్టిన ఎర్రదారంతో, వాటిలో కలిసిపోయింది.

వెళ్లబోతుంటే ఆమె చేయి పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"నేను పుట్టింది రైస్‌మిల్లు గుమస్తా ఇంట్లో. ఒక్కమాట చెప్తాను, విను. మిర్యాలగూడలో మాట చూసి ఎవర్నీ నమ్మకు. చెయ్యి చూసి నమ్ము."

నల్లకళ్లద్దాలు పెట్టేసుకుంది.

హుజూర్‌నగర్ దాటాక ఒక నల్లకారు కృపాకర్ కారుకు అడ్డం తిరిగింది. ఇద్దరు దిగారు. ఒకడి చేతిలో పిస్టల్.

"డబ్బా ఏడుంది?"

కృపాకర్ డిక్కీ వైపు చూపించాడు. వెనకున్న ఐస్ డబ్బాను వాళ్లు పసిబిడ్డలా ఎత్తుకున్నారు. పిస్టల్‌వాడు ముందు సీటులోకి వంగి, బియ్యం ప్యాకెట్లను చేత్తో కెలికాడు. ఎర్రదారం ప్యాకెట్ జారి కింద పడింది. వాడి బూటు దాని అంచు మీద ఆగింది.

"గివన్ని ఏంది?"

"నా బతుకు తెరువన్నా. జర తొక్కకు, నూకలైతే ఎవడు కొంటడు?"

వాడు తుపుక్కున ఊసి వెళ్లిపోయాడు. కృపాకర్ ప్యాకెట్ తీసి మళ్లీ కుప్పలో కలిపాడు. ఐస్ డబ్బాలో ఉన్నవి కోదాడలో కొన్న వాడపల్లి చేపలని తెలిసేలోగా కృపాకర్ నేరేడుచర్ల దాటాలి. దాటాడు. కానీ వాళ్లు ఫోన్ చేయడానికి అంత సమయం అక్కర్లేదని అతనికి తెలుసు.

మిర్యాలగూడ మిల్లు ఆవరణలో ఉడికిన వడ్ల వాసన ముక్కు పగలగొడుతోంది. ఎండ వాలుతోంది. కారును గోదాం రేకుల కప్పు కింద ఆపి దిగగానే, గుమ్మంలో చెవి వెనక పెన్ను పెట్టుకున్న మనిషి ఎదురొచ్చాడు.

"మట్టయ్యవా?"

"అవును సార్."

"ఈ ఏడు సన్నాలు ఎట్లున్నయ్?"

"గింజ మంచిదే, తౌడే ఎక్కువ."

అక్షరం పొల్లుపోలేదు. గల్లీ అవతల కమల టేబుల్ మీద పడుకుని ఉంది. ఇచ్చేస్తే అయిపోతుంది. కృపాకర్ చేయి కారు కిటికీలోంచి ఎర్రదారం దాకా వెళ్లి, దాని పక్కనున్న మామూలు ప్యాకెట్‌ను తీసింది. అందించాడు.

అతను అందుకుని నేరుగా జేబులో వేసుకున్నాడు.

కృపాకర్ ఆ చేతి వైపే చూశాడు. మిర్యాలగూడలో పుట్టి బియ్యంలో పెరిగినవాడి చేతికి శాంపిల్ ఇస్తే, పెళ్లిలో తాళి కట్టే ముహూర్తమైనా సరే ముడి విప్పుతాడు. అరచేతిలో పోసుకుంటాడు, బొటనవేలితో రాస్తాడు, వాసన చూస్తాడు, రెండు గింజలు పంటికింద వేస్తాడు. బియ్యం చూడకుండా జేబులో వేసుకునే గుమస్తా ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

ఉషారాణి కాటుకకు కోడ్ అమ్మేసింది. మాట అమ్మింది గానీ అలవాటు అమ్మలేదు.

"సార్, మిగతా ప్యాకెట్లు కూడ ఇయ్యరాదున్రి," అన్నాడు వాడు. చెవి వెనక పెన్ను ఉంది, చేతిలో ఇప్పుడు పిస్టల్ కూడా ఉంది.

"తీస్కో. మూటగట్టియ్యాల్నా?"

కృపాకర్ ప్యాకెట్లను చేతినిండా వాడి మొహం మీదికి విసిరాడు. వాడు కళ్లు మూసిన రెప్పపాటులో దబ్బనం తొడలో దిగింది. గుండు పైకప్పు రేకును చీల్చింది. పిస్టల్ ఊకకుప్పలో పడింది. వాడు నాలుగడుగులు వేసి, అయిదోది ఎటు వేయాలో తెలియక కూలబడ్డాడు.

సంచుల దొంతర వెనక మూలుగు వినిపించింది. చేతులు కట్టేసి, నోట్లో గుడ్డలు కుక్కిన నడివయసు మనిషి. కృపాకర్ కట్లు విప్పాడు.

"మట్టయ్యను. ఈ దొంగనా కొడుకు నా పెన్ను గూడ గుంజుకున్నడు," అన్నాడు ఆ మనిషి ఊక దులుపుకుంటూ. "సరుకు ఏడుంది సార్? డాక్టరమ్మ తొందర పెడుతుంది."

కృపాకర్ కారులోంచి ఎర్రదారం ప్యాకెట్ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. గేటు బయట కారు ఆగిన చప్పుడైతే అటు తిరిగాడు. దాణా ఆటో. ఇటు తిరిగేసరికి మట్టయ్య ముడి విప్పేశాడు. గింజలు అరచేతిలో పోసుకున్నాడు. బొటనవేలితో ఒక్క రుద్దు రుద్దాడు. ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. నోరు తెరిచాడు.

కృపాకర్ ఎగిరి అతని మణికట్టు పట్టేశాడు.

"ఆగు."

గోరంత కవర్ మట్టయ్య కింది పెదవికి అంటుకుని వణుకుతోంది.

"మాఫ్ చేయున్రి సార్," అన్నాడు మట్టయ్య, పెదవి కదపకుండా. "అలవాటు."

కృపాకర్ రెండు వేళ్లతో కవర్ తీశాడు. చిరగలేదు. గల్లీలో అతను పరుగెత్తినంత వేగంగా ఆ ఊళ్లో బ్రోకర్లెవరూ ఏ సరుకు కోసమూ పరుగెత్తి ఉండరు.

కట్టు విప్పిననాడు దవాఖాన గదిలో కమల ముందు గోడ గడియారాన్ని చూసింది, తర్వాత కృపాకర్‌ను.

"గడ్డం గీసుకోలేదు నువ్వు," అంది. అతను గడ్డం తడుముకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

లక్ష్మీకాంతమ్మ చేతులు కడుక్కుంటూ అంది. "ఉషారాణి ఫోన్ చేసింది. ఏ దేశం నుంచో చెప్పలేదు. అతుకు ఎట్లా ఉందని అడిగింది. అడగదా మరి? ఆమె లేజర్‌తో కళ్లజోడు తీయించుకుంది నా దగ్గరే. అది ఆమె కంటిపొరే."

ముత్తయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ గదిలో కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"ఆమె మన దిక్కో, వాళ్ల దిక్కో ఇప్పటికి తేలలేదు. ఆమె పొర మన ఏజెంట్ కంట్ల కూసుంది. ఇగ నేను పైకి ఏమని రిపోర్ట్ పంపాలె?"

"ఎడమ కన్ను పూర్తిగ మనదే అని రాయున్రి సార్," అంది కమల. "కుడి కన్ను మీద జర నిఘా పెట్టున్రి."