డార్క్‌రూమ్‌లో కనపడని గీత

స్టూడియోలో అందరూ అతన్ని గబ్బిలం అనేవారు. పొద్దున డార్క్‌రూమ్‌లో దూరితే మళ్ళీ అన్నానికే బయటికొచ్చేవాడు మరి! బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు చేత్తో కడిగే రోజులవి. ఎంత బాగుండేవో! ఫొటో దిగినవాళ్ళు రెండ్రోజులాగి వచ్చి, కవర్లోంచి తమ మొహం తీసి చూసుకుని, ఇది నేనేనా అని నోరెళ్ళబెట్టేవారు.

అలా నోరెళ్ళబెట్టించేది టచప్ పిల్ల. సన్న కుంచెతో మొటిమలు, ముడతలు మాయం చేసేది. ఇరవై మూడేళ్ళకి పనిలో చేరింది. చేరిన వారమే ఉత్సాహం పట్టలేక ఒక పెద్దావిడ చెంప మీది పుట్టుమచ్చ కూడా ఎగరగొట్టింది. ఆవిడ కౌంటర్ దగ్గర వీరంగం వేసింది.

"మా ఆయన ఈ మచ్చ చూసే కదా నన్ను చేసుకుంది! ఏదీ, ఎక్కడికి పోయింది?"

గబ్బిలం కళ్ళు చిట్లించుకుంటూ బయటికొచ్చి, "తప్పు నాదేనమ్మా, ప్రింటు సరిగ్గా తియ్యలేదు" అన్నాడు.

మధ్యాహ్నం ఆమె అతన్ని నిలదీసింది. "నా తప్పు నీ నెత్తినెందుకు వేసుకున్నావ్?"

"కొత్తగా వచ్చావు కదా, ఏడుస్తావేమోనని."

"నేనా? ఏడుపుగొట్టుదాన్లా కనిపిస్తున్నానా?"

"ఏమో మరి! వెలుతుర్లో నాకేదీ సరిగ్గా కనపడి చావదు."

ఆమె ఫక్కున నవ్వింది. అంతే, అయిపోయింది. ఇక ఆ ప్రేమని ఎవరాపగలరు?

ఏడాది గడిచింది. ఒక ఆదివారం వాన దంచికొడుతుంటే ఇద్దరూ ఆమె అద్దెగదిలో చిక్కుపడ్డారు. చిక్కుపడ్డారని చెప్పుకోవడమేగాని, గొడుగు ఉంది. ఆ సాయంత్రమే కండోమ్ కాస్తా చినిగి ఊరుకుంది.

తెల్లారగానే గర్భం రాకుండా వేసుకునే మాత్ర కోసం అతను మెడికల్ షాపుకి పరిగెత్తాడు. తెలిసినవాళ్ళు చూస్తారని హెల్మెట్ పెట్టుకుని మరీ వెళ్ళాడు.

"సైకిల్ మీద వచ్చి హెల్మెట్ ఏంటి బాబూ?" అంది షాపావిడ. ఆ తర్వాత మాత్ర గురించి చాలాసేపు జాగ్రత్తలు చెప్పింది. హెల్మెట్‌లోంచి ఒక్క ముక్క వినపడితే ఒట్టు. అన్నిటికీ తలూపి వచ్చేశాడు.

ఆమె మాత్ర వేసుకుంది. రావాల్సిన తేదీకి పీరియడ్ రాలేదు. రేపొస్తుందిలే అనుకుంది. రేపు కూడా రాలేదు. రోజూ పొద్దున స్టూడియోలో అతను కనుబొమలెగరేసి అడిగేవాడు, ఆమె తల అడ్డంగా ఊపేది. అన్నం నోట్లో పెట్టుకుంటే వికారం. అది భయమో, నిజమో ఎలా తెలుస్తుంది?

పైగా ఫొటోగ్రఫీ కోర్సులో సీటొచ్చింది అప్పుడే. మచ్చలు తుడిచే కుర్చీలోంచి లేచి కెమెరా వెనక నిలబడాలన్నది ఆమె ఆశ. ఇప్పుడు కడుపైతే ఆ ఆశకి నీళ్ళొదులుకోవడమే.

వారం దాటాక ఇక తట్టుకోలేక తనే మెడికల్ షాపుకి వెళ్ళి సంగతంతా చెప్పింది.

"ఆ మాత్రకి డేటు ఓ వారం అటూ ఇటూ అవడం మామూలేనమ్మా. అంతమాత్రాన కడుపొచ్చినట్టు కాదు. ఆ హెల్మెట్ అబ్బాయికి అంత విడమర్చి చెప్పానే!" అని షాపావిడ బుగ్గలు నొక్కుకుంది. "వారం దాటింది కాబట్టి టెస్ట్ చేసుకో. ఒక గీతైతే లేనట్టు, రెండైతే ఉన్నట్టు. లేదని వచ్చినా పీరియడ్ రాకపోతే డాక్టర్ దగ్గరికెళ్ళు."

స్టూడియో పెరట్లోని బాత్రూమ్‌లో ఆమె ఆ పని కానిచ్చి, టెస్ట్ పుల్లని చున్నీలో దాచుకుని బయటపడింది. హాల్లో ఓనరున్నాడు. ఆయన స్వయానా గబ్బిలానికి పెదనాన్న. బాత్రూమ్ కాక లోపలి గడియ ఉన్న గది ఒక్క డార్క్‌రూమే. గభాల్న అందులో దూరి గడియ పెట్టేసింది.

లోపల ఎర్రబల్బు కింద గబ్బిలం పనిలో ఉన్నాడు. గడియ పడిందని బల్ల మీది కొత్త ఫొటో పేపర్ డబ్బా మూత తీశాడు, వెలుతురు తగిలితే ఆ పేపరంతా పాడే. ఆమె పుల్ల తీసి ట్రే పక్కన పెట్టింది.

"ముందు నిన్ను తన్నాలి. విషయమంతా హెల్మెట్‌కి చెప్పించుకొచ్చావంట!"

"తర్వాత తన్ను. ఎన్ని గీతలు?"

ఆమె వంగి చూసింది. తెల్లగా, నున్నగా ఉంది పుల్ల. "ఒక్కటీ లేదు."

"ఒక్కటీ లేకపోతే ఏంటట?"

"నాకేం తెలుసు? ఆవిడ ఒకటీ రెండే చెప్పింది!"

అతను కారుతున్న కుళాయి కట్టేసి ఇటు తిరిగాడు. "రెండొస్తే మాత్రం భయపడకు. పెళ్ళి చేసుకుందాం."

ఆమెకి ఒళ్ళు మండింది. "గీత కోసం చేసుకుంటావా? ఆ మచ్చ తప్పు మీదేసుకున్నట్టు ఇదీ మీదేసుకుంటావా? జాలిపడి ఎవరూ నన్ను చేసుకోనక్కర్లేదు!"

"జాలేంటే? నేను..."

"మాట్లాడకు! పొద్దున్నే అద్దం ముందు ధైర్యం కోసం లిప్‌స్టిక్ కూడా వేసుకొచ్చాను. ఏడిస్తే చెరిగిపోతుంది."

"లిప్‌స్టిక్కా? ఏది?"

"ఎర్రగా ఇంత వేసుకుంటే కనపట్లేదా?"

"ఎర్రబల్బు కింద ఎరుపెలా కనపడుతుంది? పెదాలు పాలిపోయి..." అంటూ ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకేసారి పుల్ల వైపు చూశారు. గులాబీ గీతలు! ఎర్ర వెలుగులో అవెక్కడ కనపడతాయి? రోజంతా ఆ బల్బు కిందే బతికే గబ్బిలం, రోజంతా కుంచెతో ఆడుకునే టచప్ పిల్ల! చెబితే నలుగురూ నవ్వుతారు.

అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గడియ లాగి తలుపు బార్లా తెరిచేశాడు. కొత్త పేపర్ డబ్బా మొత్తం వెలుతురుకి ఆహుతి.

పుల్ల మీద ఒక్కటే గీత.

ఆమె గోడకానుకుని చతికిలబడి, లిప్‌స్టిక్ సంగతి మర్చిపోయి ఏడ్చేసింది. అతను పక్కనే కూలబడ్డాడు.

"చూడు, ఇప్పుడు నన్నెవరూ తొందరపెట్టట్లేదు. ఏ గీతా అడగమనట్లేదు. నాకు నువ్వు కావాలి. నన్ను చేసుకుంటావా?"

ఆమె ముక్కు తుడుచుకుంది. "కోర్సు అయ్యాక."

"ఆగుతాను."

హాల్లోంచి పెదనాన్న గొంతు గర్జించింది. "తలుపు తీసిన గాడిదెవడ్రా?"

"పేపరంతా పోయింది. ఆయనకేం చెబుతావ్?" అంది ఆమె కంగారుగా.

"పేపర్ పోయింది, కోడలు దొరికింది అంటాను."

పెదనాన్న ముందు చెవి మెలేశాడు, ఆ తర్వాతే దీవించాడు. నాలుగు రోజులకి పీరియడ్ వచ్చింది. కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ ఆమె అంత సంతోషపడటం అదే మొదలు, అదే ఆఖరు.

కోర్సయ్యింది, పెళ్ళయ్యింది, ఆమె కెమెరా వెనక నిలబడింది కూడా. ఇప్పుడు డార్క్‌రూమ్ లేదు. ఆ గదిలో ప్రింటర్లు పెట్టారు. వానపడి గిరాకీ లేని సాయంత్రాల్లో ఫొటోలు కడిగే ఆ మందునీళ్ళ వాసన గుర్తొచ్చి ఆమె మనసు ఒక్కసారి అటు లాగేస్తుంది.

అలాంటి ఒక సాయంత్రమే అడిగింది. "నిజం చెప్పు. ఆ రోజు మొదట భయపడే కదా పెళ్ళన్నావ్?"

"ఔను, భయపడే అన్నాను" అన్నాడు అతను, తల గోక్కుంటూ. "రెండోసారి ఇంకా ఎక్కువ భయపడ్డాను. నీకిక నా అవసరమేం లేదు కదా, కాదనేస్తావేమోనని."

ఇన్నేళ్ళకి ఆ మాట విని ఆమె కళ్ళు చెమర్చాయి. వెళ్ళి అతని భుజానికి తల ఆనించి కూర్చుంది.